రెండో తూటా ఎక్కలేదు

అమెరికా అడవుల్లో మూడు తరాలు మోసిన సెమీ ఆటోమేటిక్ వేట రైఫిళ్లు ఇప్పుడు ఇళ్ల బేస్‌మెంట్లలో ముసలివైపోతున్నాయి. బయటికి మెరుస్తూ, లోపల అరిగిపోయి, అదను చూసి మొరాయిస్తున్నాయి. అవి ఎందుకు చెడుతున్నాయో, ఆ చేటు కంటికి ఎందుకు కనబడదో చెప్పే కథనం ఇది.

నిరుడు నవంబరు 15. మిషిగన్ రాష్ట్రంలో తుపాకీతో జింకల వేట మొదలయ్యే రోజు. ఏ వారం వచ్చినా ఆ తేదీ మారదు. మా పక్కింటి పెద్దాయన ఉత్తరాన అడవిలో, తెల్లవారకముందే చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. వెలుగొచ్చిన గంటకు ఒక తెల్లతోక మగజింక బయటికొచ్చింది. పేల్చాడు. గుండు వేయాలనుకున్న చోట పడలేదు, కాస్త వెనక్కి, పొట్టలో దిగింది. జింక కూలబడి, మళ్లీ లేచింది.

ఇలాంటప్పుడు వెంటనే రెండో గుండు వేసి దాని బాధ తీర్చడం వేటగాడి ధర్మం. ఆయన చేతిలో ఉన్నది అచ్చంగా ఆ పని కోసమే పుట్టిన తుపాకీ. ఒకసారి పేలగానే ఖాళీ డొప్పను తానే బయటికి విసిరేసి, మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాను తానే లోపలికి తోసుకుంటుంది. మనిషి చేయాల్సిందల్లా ట్రిగ్గర్ మళ్లీ నొక్కడమే. నొక్కాడు. చప్పుడు లేదు. తల వంచి చూస్తే, తూటాను లోపలికి తోసే బోల్టు సగం దారిలో ఆగిపోయి ఉంది. చేత్తో లాగాడు, కొట్టాడు, కదల్లేదు. జింక పొదల్లోకి పోయింది. చీకటి పడేదాకా ఆకుల మీద నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ తిరిగాడు. దొరకలేదు.

ఆయనకు 78 ఏళ్లు. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ తుపాకీ ఆయన తండ్రి 1964లో కొన్న రెమింగ్టన్ మోడల్ 742. ఈ సంగతి నాకు చెప్పినప్పుడు తుపాకీ చెడిందన్న బాధ కన్నా, ఆ జింక ఎక్కడ పడి ఎంతసేపు కొట్టుకుందోనన్న బాధే ఎక్కువ కనబడింది. నేను వేటగాణ్ని కాను, వేటంటే మనసు ఒప్పుకోదు కూడా. కానీ వేటాడక మానని దేశంలో, వేటాడే తుపాకీ మధ్యలో మోసం చేస్తే ఆ నొప్పి ఎవరు పడతారో ఆ రోజు నాకు అర్థమైంది.

చేతులు వెనక్కి కట్టుకుని చూసిన ఆర్మరర్

ఈ ఏడు అక్టోబరులో మా మేనమామ మా ఇంటికొచ్చాడు. తెలంగాణలో జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. మూడు దశాబ్దాలు తుపాకులు బాగుచేస్తూ, వాటిని భద్రపరిచే గది అయిన బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, నూనె వాసనలో గడిపినవాడు. పక్కింటి సంగతి చెవిన పడగానే ‘ఒక్కసారి సూద్దాం పారా’ అన్నాడు.

పెద్దాయన బేస్‌మెంటులో బల్ల మీద పాత తువ్వాలు పరిచి, మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, తూటా కూర్చునే చాంబర్‌లో వేలు పెట్టి ఖాళీ అని చూసుకుని తుపాకీని పడుకోబెట్టాడు. మామ మాత్రం దాన్ని ముట్టుకోలేదు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ దగ్గరుంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. కొన్ని మినహాయింపులున్నాయిగానీ అవి మామకు వర్తించవు. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ చాచి, నా చేత టార్చిలైటు పట్టించి చూశాడు.

‘బోల్టు ఇంకింత ఎనకకు గుంజమను. ఆఁ... లైటు ఈడ కొట్టు. గా పక్కన పట్టాలు సూడు.’

చూశాను. బోల్టు ముందుకూ వెనక్కీ జారడానికి, అది ఉండే ఉక్కు పెట్టె అయిన రిసీవర్ లోపలి గోడల్లో రెండు ఉక్కు పట్టాలుంటాయి. నున్నగా ఉండాల్సిన ఆ పట్టాల మీద వరసగా గాట్లు, విసుర్రాయికి గంట్లు కొట్టించినట్టు. ఒకచోట అంచు చిట్లి రేకులాగా లేచింది. బయట నుంచి చూస్తే ఆ తుపాకీ అద్దంలా ఉంది. వాల్‌నట్ కర్ర, నల్లటి నిగనిగలాడే గొట్టం. తండ్రీకొడుకులు ఇద్దరూ ప్రతి ఏడూ తుడిచి, నూనె రాసి దాచిన వస్తువు. తుడిచిందంతా బయటే.

‘తూటాల తప్పు గాదు, స్ప్రింగు తప్పు గాదు. రైలు మంచిగనే ఉన్నది, పట్టాలే పోయినై’ అన్నాడు మామ.

నేను ఇంగ్లిషులో చెప్పాను. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘మా నాన్న ఉన్నప్పుడే పోయుంటాయి’ అన్నాడు.

టైపు మిషన్ చేసిన కంపెనీయే

రెమింగ్టన్ అంటే మనలో పాతతరానికి గుర్తొచ్చేది టైపు ఇన్‌స్టిట్యూట్. లోయరూ హయ్యరూ రాసిన వేళ్లకు ఆ పేరు బాగా తెలుసు. న్యూయార్క్ రాష్ట్రంలో 1816లో తుపాకీ గొట్టాలతో మొదలైన రెమింగ్టన్ల పనే పెరిగి ఇలియన్ ఊళ్లో ఫ్యాక్టరీ అయింది. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక ఆర్డర్లు తగ్గి, వాళ్లు 1873లో టైపు మిషన్ తయారీకి ఒప్పందం చేసుకున్నారు. 1886లో ఆ వ్యాపారాన్ని వేరేవాళ్లకు అమ్మేసి తుపాకులు అట్టే పెట్టుకున్నారు.

తనంతట తాను నిండే వేట రైఫిల్‌ను ఈ కంపెనీ 1906లోనే అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. తర్వాత మోడల్ 8 అని పేరు పెట్టారు. దాన్ని రూపొందించినవాడు జాన్ బ్రౌనింగ్, తుపాకుల లోకంలో విశ్వకర్మ లాంటివాడు. పేలగానే గొట్టమూ బోల్టూ కలిసికట్టుగా వెనక్కి పోయి, గొట్టం ముందుకొచ్చేశాక బోల్టు దాని వెనకే తూటాను తోసుకుంటూ వచ్చే ఏర్పాటు. బరువైన తుపాకీ, మొరటు తుపాకీ, కానీ గట్టిది. 1934లో బోనీ, క్లైడ్ అనే దోపిడీ జంటను లూసియానా రోడ్డు మీద కాపుకాసి కాల్చిన పోలీసు అధికారి ఫ్రాంక్ హేమర్ చేతిలో ఉన్నది మోడల్ 8.

పోటీ కంపెనీ వించెస్టర్‌కు బ్రౌనింగ్ పేటెంట్లు దక్కలేదు. వాళ్ల ఇంజినీరు టి.సి.జాన్సన్ వేరే దారి తొక్కాడు. బోల్టుకు తాళం లేకుండా, దాని బరువుతోనే పేలుడును కాసేపు ఆపే పద్ధతి. అందుకోసం ముందు కర్రలో పెద్ద ఇనుప దిమ్మె దాచాడు. 1905, 1907, 1910 మోడళ్లు అలా వచ్చినవే. ఆ దిమ్మె వెనక్కి వచ్చి గుద్దుకోకుండా లోపల నారతో చేసిన మెత్తటి బఫర్ ఉంటుంది. వందేళ్లకు ఆ నార పొడిపొడిగా రాలిపోతుంది. రాలిపోయిన సంగతి తెలియక పేల్చేవాళ్ల తుపాకుల్లో ఇనుము ఇనుమును గుద్ది, గుద్ది, రిసీవర్ దెబ్బ తింటుంది. చూశారా, పోయింది రూపాయి విలువ చేయని నార, పాడైంది మొత్తం తుపాకీ. పాత సెమీ ఆటోమేటిక్‌ల కథంతా ఇలాగే ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం వేటగాళ్ల అభిరుచిని మార్చేసింది. అమెరికా సైనికులు జాన్ గరాండ్ రూపొందించిన ఎం1 రైఫిల్‌తో పోరాడారు. ప్రతి గుండుకూ బోల్టు లాగక్కర్లేని ఆ సుఖం వాళ్ల చేతులకు అలవాటైంది. ఇంటికొచ్చి, పెళ్లిళ్లు చేసుకుని, ఫ్యాక్టరీల్లో చేరి, నవంబరు రాగానే అడవికి పోయేటప్పుడు అలాంటిదే కావాలన్నారు. వాళ్ల కోసం 1955లో రెమింగ్టన్ మోడల్ 740 వచ్చింది. 1960లో దాన్ని సవరించి 742 తెచ్చారు, ముద్దుపేరు వుడ్స్‌మాస్టర్. 1980 దాకా 14 లక్షలకు పైగా చేసి అమ్మారు. ఒక వేట రైఫిల్‌కు ఇది మామూలు అంకె కాదు. కూలివాడూ రైతూ కొనగలిగిన ధరలో, తేలిగ్గా, అందంగా ఉండేది.

తర్వాత దానికి ఇంకో ముద్దుపేరు వచ్చింది. జామ్-ఓ-మాటిక్.

గాలి తోసే బోల్టు

742 లోపల ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే రోగం అక్కడే ఉంది.

తూటాలో మందు మండగానే చాంబర్‌లో పుట్టే ఒత్తిడి మాటలకు అందదు. మన కారు టైరులో గాలి ముప్పై, ముప్పై అయిదు పీఎస్‌ఐ. ఈ తుపాకీలో ఎక్కువమంది వాడే .30-06 తూటాకు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి 60,000 పీఎస్‌ఐ. ఆ ఒత్తిడి తగ్గేదాకా బోల్టు తెరుచుకోకూడదు. అందుకే బోల్టు తల మీద లగ్గులు ఉంటాయి. అవి తలుపు గడియలాగా తిరిగి గొట్టం వెనక భాగంలో బిగుసుకుంటాయి. గుండు గొట్టంలో ముందుకు పోతూ ఒక చిన్న రంధ్రాన్ని దాటగానే కొంత గ్యాస్ ఆ రంధ్రంలోంచి కిందికి దూకి, ముందు కర్రలో దాగిన ఒక జారుడు దిమ్మెను వెనక్కి గుద్దుతుంది. ఆ దిమ్మె బోల్టును తిప్పి గడియ తీసి, వెనక్కి లాక్కుపోతుంది. స్ప్రింగు దాన్ని మళ్లీ ముందుకు తోస్తుంది. ఇదంతా రెప్పపాటు కన్నా ముందే అయిపోతుంది.

మామ అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తు. ‘దీనికి గ్యాస్ రెగ్యులేటర్ ఏడుంది రా?’

మన పోలీసులూ సైన్యమూ దశాబ్దాలు మోసిన ఎస్ఎల్ఆర్ ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారయ్యేది. అదీ సెల్ఫ్ లోడింగ్ రైఫిలే, గ్యాస్‌తోనే నడుస్తుంది. కానీ దాని గొట్టం మీద ఒక రెగ్యులేటర్ ఉంటుంది. తుపాకీ బద్ధకిస్తే ఇంకాస్త గ్యాస్ లోపలికి పంపొచ్చు. మరీ దూకుడుగా ఉంటే అదనపు గ్యాస్‌ను బయటికి వదిలేయొచ్చు. కొత్త జవానుకు మొదట నేర్పే పాఠాల్లో ఇదొకటి. 742లో అలాంటిదేమీ లేదు. రంధ్రం ఫ్యాక్టరీలో ఎంత తొలిచారో అంతే. తేలికైన గుండు వేసినా, బరువైన గుండు వేసినా, ఎండలోనైనా, మంచులోనైనా అదే రంధ్రం. అన్ని కాలాల్లోనూ పనిచేయాలి కాబట్టి గ్యాస్ కొంచెం ఎక్కువే తీసుకునేలా చేస్తారు. ఆ ఎక్కువంతా ప్రతిసారీ బోల్టు మీద దెబ్బగా పడుతుంది.

ఇక 742 బోల్టు లగ్గులు. గట్టివే, అయితే చిన్నవి. స్క్రూ మరలను మధ్యమధ్య కోసేసినట్టు సన్నటి వరసలుగా ఉంటాయి. గడియ తీసుకుని వెనక్కి పరుగెత్తేటప్పుడు బోల్టు తల నిటారుగా పోవాలి. కానీ అది తన గుణం కొద్దీ మళ్లీ తిరగబోతుంది. తిరగబోయిన ప్రతిసారీ ఆ చిన్న లగ్గుల అంచులు రిసీవర్ పట్టాలను గీరుతాయి. లగ్గుల ఉక్కు గట్టిది, పట్టాల ఉక్కు మెత్తన. ఏది అరుగుతుందో చెప్పనక్కర్లేదు. మొదట సన్నటి గీతలు, తర్వాత గాట్లు, ఆ గాట్లలో ఒకదానిలో ఒకరోజు బోల్టు కాలు ఇరుక్కుంటుంది. మా పెద్దాయన చేతిలో జరిగింది అదే.

అసలు విషాదం ఇంకోటి. స్ప్రింగు పోతే మార్చుకోవచ్చు. బోల్టు పోతే వెతికి తెచ్చుకోవచ్చు. ఇక్కడ పోయింది రిసీవర్. సీరియల్ నంబరు చెక్కి ఉండేది దాని మీదే, అమెరికా చట్టం తుపాకీ అని లెక్కగట్టేది కూడా దాన్నే. రిసీవర్ మార్చడమంటే ఇంకో తుపాకీ కొనడమే. అరిగే పనిని మార్చలేని భాగానికి అప్పగించారు. ఈ డిజైను మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే, కానీ ఇది చిన్నది కాదు. అక్కడి తుపాకీ మెకానిక్కుల్లో చాలామంది 742ను రిపేరుకు తీసుకోరు. పట్టాలు చూసి తిరిగి చేతిలో పెట్టేస్తారు.

డిజైను తప్పా, వాడకం తప్పా అని అనుమానం ఉన్నవాళ్లకు పక్కనే సాక్ష్యం ఉంది. 742కు ఒక అన్న ఉన్నాడు, 1952లో వచ్చిన మోడల్ 760. రూపం దాదాపు ఒకటే, బోల్టు పోలికా అదే. తేడా ఒక్కటే. దీన్ని గ్యాస్ నడపదు, ఎడమ చేత్తో ముందు కర్రను వెనక్కీ ముందుకూ ఆడించాలి. పెన్సిల్వేనియా రాష్ట్రంలో జింకల్లాంటి పెద్ద జంతువుల వేటకు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను అనుమతించరు. 2017లో చిన్న జంతువులకు ఒప్పుకున్నారు గానీ జింకలకు ఒప్పుకోలేదు. కాబట్టి అక్కడి వేటగాళ్లు చాలామంది 760ను కొన్నారు. అది ఎంత వేగంగా ఆడుతుందంటే, యంత్రాలను దూరం పెట్టే అమిష్ మతస్థుల పేరు కలిపి దాన్ని అమిష్ మెషిన్‌గన్ అంటారు. ఆ తుపాకులు ఇవాళ్టికీ మనవళ్ల చేతుల్లో పనిచేస్తున్నాయి. వాటి పట్టాలు ఇలా చిరగలేదు. చేతికి ఎంత జోరు సరిపోతుందో తెలుస్తుంది. అడ్డం తగిలితే ఆగుతుంది. గ్యాస్‌కు ఆ తెలివి లేదు.

బ్రష్ దూరని చోటు

పట్టాలు గీరుకుపోవడానికి ఏళ్లు పడుతుంది. అంతకన్నా ముందే వచ్చే జబ్బు చాంబర్‌లో తుప్పు.

పేలినప్పుడు ఇత్తడి డొప్ప ఉబ్బి చాంబర్ గోడలకు అతుక్కుంటుంది. చేత్తో నడిపే బోల్టు రైఫిల్‌లో పిడి పైకెత్తగానే ఆ తిప్పుడుకే డొప్ప కొంచెం కదులుతుంది. తర్వాతే లాగుతాం. బిగుసుకున్న సీసా మూతను ముందు తిప్పి వదులుచేసి తర్వాత తీసినట్టు. ఈ పాత సెమీ ఆటోమేటిక్‌లలో ఆ వదులుచేసే బలం చాలా తక్కువ. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం డొప్ప అంచును పట్టుకుని ఒక్క గుంజు గుంజుతుంది. చాంబర్ నున్నగా ఉంటే వచ్చేస్తుంది. గరుగ్గా ఉంటే డొప్ప అక్కడే ఉండి, అంచు చిరిగి కొక్కెంతో పాటు వస్తుంది. అడవిలో ఆ డొప్పను బయటికి తీయడం ఎవరి వల్లా కాదు.

మరి చాంబర్‌ను శుభ్రంగా ఉంచుకోవచ్చు కదా? అదే కష్టం. 742 రిసీవర్ వెనక వైపు మూసి ఉంటుంది. బోల్టు రైఫిల్‌లాగా బోల్టు తీసేసి వెనక నుంచి రాడ్డు దూర్చడం కుదరదు. గొట్టం విప్పాలంటే ప్రత్యేకమైన రెంచి కావాలి. కాబట్టి అందరూ ముందు మూతి నుంచే రాడ్డు దోపి తోస్తారు. ఆ మసీ తడీ అంతా వెనక్కి పోయి చాంబర్‌లోనూ బోల్టు లగ్గుల్లోనూ చేరుతుంది. శుభ్రం చేశామనుకుంటూ మురికిని లోపలికి నెట్టడమన్నమాట. పక్క కిటికీలోంచి వంకర బ్రష్ పెట్టి చాంబర్‌ను తోమాలని తెలిసినవాళ్లు తక్కువ.

మామకు ఇది వింతగా తోచింది. తమ దగ్గర పుల్‌త్రూకు (తుడిచే తాడుకు) చిందీ గుడ్డ కట్టి వెనక నుంచి ముందుకే లాగేవాళ్లు. చాంబర్‌కు వేరే బ్రష్ ఉండేది. ‘మాకు పేల్చిన దినం కడుగుడు, తెల్లారి కడుగుడు, పేల్చకున్నా వారానికోసారి కడుగుడు’ అన్నాడు. పెద్దాయన లెక్క వేరు. ఏడాదికి గురి చూసుకోవడానికి నాలుగు తూటాలు, వేటలో ఒకటో రెండో. వాడనిదానికి శుభ్రమెందుకని ఎవరైనా అనుకుంటారు. కానీ నవంబరు మంచులో తడిసి, వెచ్చటి ఇంట్లోకి రాగానే లోపల చెమ్మ పట్టి, అలాగే పెట్టెలోకి పోయే తుపాకీకి ఆ ఏడాది విశ్రాంతే శత్రువు. పైగా పూసిన నూనె ఏళ్ల తరబడి ఆరి బంక అవుతుంది. గడ్డకట్టే చలిలో ఆ బంక బోల్టు వేగాన్ని తినేస్తుంది. బోల్టు పూర్తిగా ముందుకు రాక, గడియ పడక, నొక్కితే పేలని తుపాకుల్లో సగం కేసులకు మందు ఒక్క కడుగుడే అని మామ తీర్పు.

తూటాలను ఇంట్లో మళ్లీ నింపుకునేవాళ్లు ఇంకో తిప్పలు తెచ్చుకుంటారు. ఒకసారి పేలి ఉబ్బిన డొప్పను పూర్తి కొలతకు నొక్కించకుండా నింపితే బోల్టు రైఫిల్‌లో పిడి బలంతో పట్టేస్తుంది. సెమీ ఆటోమేటిక్‌లో స్ప్రింగు బలం చాలదు, సగంలో ఇరుక్కుంటుంది. మ్యాగజైన్ పెదవులు వంగితే తూటా వంకరగా లేస్తుంది. చవక మ్యాగజైన్లు కొని తుపాకీని తిట్టుకునేవాళ్లు చాలామందే.

మొరాయిస్తే నష్టం, పేలితే ప్రమాదం

ఇంతదాకా చెప్పినవన్నీ తుపాకీ పేలకపోవడం గురించి. పేలకూడనప్పుడు పేలే తుపాకీ సంగతి వేరు.

వించెస్టర్ మోడల్ 100 అని ఒకటుంది. 1961 నుంచి 1973 దాకా రెండున్నర లక్షలకు పైగా చేశారు. 742కు పోటీగా తెచ్చిన అందమైన రైఫిల్. నాకు చూడ్డానికి దానికన్నా ఇదే నచ్చుతుంది. దీని ఫైరింగ్ పిన్ కాలం గడిచేకొద్దీ విరిగే అవకాశం ఉందని తేలింది. విరిగిన ముక్క బోల్టు ముఖంలోంచి బయటికి పొడుచుకొచ్చి ఇరుక్కుంటే, బోల్టు ముందుకొచ్చి తూటాను తాకగానే, గడియ ఇంకా పడకముందే, అది పేలొచ్చు. తాళం వేయని తలుపు వెనక ఆ ఒత్తిడంతా ఉన్నట్టు. మనిషి ముఖం ఆ తలుపుకు జానెడు దూరంలో ఉంటుంది. 1990లో వించెస్టర్ పేరుకు సొంతదారైన ఓలిన్ సంస్థ ఈ తుపాకుల్ని పేల్చవద్దని ప్రకటించి, పిన్నులు మార్చే రీకాల్ పెట్టింది.

అయితే ఎవరి తుపాకీ ఎవరి దగ్గరుందో చెప్పే దేశవ్యాప్త పట్టిక అమెరికాలో లేదు. తండ్రి నుంచి కొడుక్కి, అన్న నుంచి తమ్ముడికి, పాత సామాన్ల అమ్మకంలో అపరిచితుడికి చేతులు మారిన తుపాకీని ఏ ఉత్తరమూ వెతుక్కుంటూ పోలేదు. పిన్ను మార్చని మోడల్ 100లు ఇప్పటికీ అటకల మీద ఉన్నాయి. వాటిని చూస్తే తెలియదు. విప్పి చూడాలి.

అన్ని పాత సెమీ ఆటోమేటిక్‌లూ ఇలాంటివే అనడం అన్యాయం. 1961లో వచ్చిన రూగర్ .44 కార్బైన్ పొట్టిదీ దృఢమైనదీ. రాగి తొడుగు లేని సీసపు గుండ్లు వేస్తే మాత్రం గ్యాస్ రంధ్రం సీసంతో పూడుకుపోతుంది. ఆ ఒక్క పథ్యం పాటిస్తే చాలు. బెల్జియంలో రూపుదిద్దుకుని 1967లో వచ్చిన బ్రౌనింగ్ బార్ అయితే వీటన్నిటికన్నా నమ్మకస్తురాలు, దాని వారసులు ఇవాళ్టికీ కొత్తగా అమ్ముడవుతున్నాయి. రెమింగ్టన్ కూడా తప్పు తెలుసుకుంది. 1981లో తెచ్చిన 7400లో చిన్న లగ్గుల వరసలు తీసేసి, తక్కువ సంఖ్యలో పెద్ద లగ్గులు పెట్టింది. అంతకుముందు అమ్మిన 14 లక్షలు మాత్రం అలాగే ఉండిపోయాయి. వాటిని చేసిన కంపెనీ 2018లో ఒకసారి, 2020లో మరోసారి దివాలా పిటిషన్ వేసింది. ఇలియన్ ఫ్యాక్టరీ తలుపులు 2024లో మూతపడ్డాయి. ఇప్పుడు విడిభాగమంటే ఇంకో చచ్చిన తుపాకీలోంచి తీసిందే.

742 చెడ్డ తుపాకీనా? ఏడాదికి అరడజను తూటాలు పేల్చిన తొలి యజమానికి కాదు. పాతికేళ్లపాటు అది అతని మాట విన్నది. దాన్ని వాడుకుని, లోపల చూడకుండా చేతులు మార్చిన తర్వాత మూడో మనిషికి మాత్రం చెడ్డదే. ఇందులో కంపెనీ పాలూ ఉంది, యజమానుల పాలూ ఉంది. ఇంజిన్‌కు ఆయిల్ మార్చాలని కారు కొన్నవాడికి చెప్పినంత గట్టిగా, ఈ తుపాకీ పట్టాలు చూసుకోమని ఎవరూ చెప్పలేదు.

మన పిల్లల దగ్గర

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరమే. పల్లెల్లో లైసెన్సు మీద ఉండేవి ఎక్కువగా ఒక గొట్టం, రెండు గొట్టాల తుపాకులు. రైఫిల్ అంటే ఇషాపూర్ .315, అదీ చేత్తో బోల్టు లాగేదే. కాబట్టి ఈ గొడవ మనది కాదనిపిస్తుంది. కానీ అమెరికాలో స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకీ నిషేధమే అయినా, రాష్ట్రం ఇచ్చే హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఆ దారిలో మన విద్యార్థులు కొందరు తుపాకులు కొంటున్నారు. కుర్రవాడి చేతిలో డబ్బు తక్కువ, చవగ్గా దొరికేవి ఇలాంటి పాతవే. తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి అక్కడ మన పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలూ చదివాం. ఇల్లు కొన్నప్పుడు అటక మీద దొరికినవో, పొరుగువాళ్లు అభిమానంతో ఇచ్చినవో దాచుకున్న కుటుంబాలు నాకే రెండు మూడు తెలుసు.

ఆ కుటుంబాలకు నా మనవి ఇది. ముందు తుపాకీ నిజంగా ఖాళీయేనా అని తెలిసినవాళ్లతో చూపించండి. మ్యాగజైన్ తీసినంత మాత్రాన ఖాళీ కాదు, చాంబర్‌లో ఒకటి ఉండిపోతుంది. విప్పడం రాకపోతే విప్పొద్దు. లైసెన్సున్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి పట్టాలు, చాంబర్, ఎక్స్‌ట్రాక్టర్, పిన్ను చూడమనండి. ఇక పనికిరాదంటే వాదించకండి. ఉంచుకోవడం ఇష్టం లేకపోతే స్థానిక పోలీసులకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు అప్పగించండి.

పెద్దాయన ఈ నవంబరు 15కు చనిపోయిన అన్నగారి 760ను సిద్ధం చేసుకున్నాడు. తండ్రి 742ను ఏం చేద్దామని మామను అడిగాడు. ‘ఫైరింగ్ పిన్ తీసేసి గోడకు పెట్టుకోమను. నాయిన యాది గదా’ అన్నాడు మామ. పెద్దాయన అలాగే చేయించాడు.

మీ ఇంట్లో ఉన్నది వించెస్టర్ మోడల్ 100 అయి, దాని పిన్ను మార్చినట్టు మీ దగ్గర రుజువు లేకపోతే, దయచేసి అందులో ఒక్క తూటా కూడా పెట్టకండి.